మోండా మార్కెట్‌లో ఇజబెల్లా

నవంబరు వచ్చిందంటే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో నల్లద్రాక్ష బండి దగ్గర బేరం తీరు మారిపోతుంది. కిలో, రెండు కిలోలు అడిగినవాళ్లకు బండివాడు మాట్లాడకుండా తూచి ఇచ్చేస్తాడు. ఎనిమిదో పదో కిలోలు అడిగితే మాత్రం తలెత్తి చూస్తాడు. "వైన్‌కా ఆంటీ?" అంటాడు. అవునంటే గొంతు తగ్గించి, "అయితే పైన గుత్తులు వద్దు. కింద గంపల రాలినయ్ ఉన్నయ్, మంచిగ పండినయ్. అవి తీస్కోండ్రి, రేటు గూడ తగ్గిస్త" అంటాడు. తినే ద్రాక్షకు గుత్తి అందం కావాలి, పులియబెట్టే ద్రాక్ష బాగా పండి ఉంటే చాలు. ఆ తేడా తెలిసిన బండ్లు ఇంకా ఉన్నాయంటే, కొనే ఇళ్లు ఇంకా ఉన్నట్టే.

లాలాగూడ రైల్వే క్వార్టర్లు, తిర్మలగిరి, బొల్లారం, మారేడ్‌పల్లి వైపు ఆంగ్లో ఇండియన్, తమిళ, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్‌కు ఇంటి వైన్ పాత అలవాటు. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు కదా. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది, సెయింట్ మేరీస్ 1850 నాటిది. పటాలాలు, పాదరీలు, రైళ్లు తెచ్చిన వంటల్లో ప్లమ్ కేకు, కల్‌కల్స్, గులాబీ పువ్వులతో పాటు ఈ ఎర్రటి తీపి వైన్ కూడా ఇక్కడ స్థిరపడింది.

ఆ నల్లద్రాక్షను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. గోళీకాయంత గుండ్రం. తొక్క మీద బూడిద రంగు పూత, వేలితో తుడిస్తే ముదురు ఊదా బయటపడుతుంది. కొనవేళ్లతో నొక్కితే లోపలి గుజ్జు తొక్కను వదిలి ముద్దగా నోట్లోకి జారుతుంది. పచ్చటి సీడ్‌లెస్ ద్రాక్ష ఇలా జారదు, దాని తొక్క గుజ్జును వదలదు. నల్లద్రాక్షలో తీపి తొక్క కిందే ఉంటుంది, మధ్య గుజ్జు కాస్త పులుపు, అందులో రెండు మూడు గింజలు. ఇక వాసన! పిల్లలు నమిలే గ్రేప్ బబుల్‌గమ్ వాసన ఇదే. బండి పది అడుగుల దూరంలో ఉండగానే ముక్కుకు తెలుస్తుంది. ఆ వాసనకు మూలం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. యూరప్ ద్రాక్షల్లో అది దాదాపు కనిపించదు. అమెరికా అడవి ద్రాక్షకు మాత్రం అది పుట్టుగుర్తు.

అవును, మోండా మార్కెట్ నల్లద్రాక్ష అమెరికా జాతిది. మనం బెంగళూరు బ్లూ అంటున్న రకానికి అమెరికాలో పేరు ఇజబెల్లా. అక్కడి అడవి జాతి విటిస్ లాబ్రస్కాకు, యూరప్ నుంచి వలసవాళ్లు తెచ్చుకున్న విటిస్ వినిఫెరాకు సంకరం. న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లో నర్సరీ నడిపిన విలియం ప్రిన్స్ 1816లో దీన్ని బజారుకు తెచ్చాడు. ఇజబెల్లా గిబ్స్ అనే ఆవిడ తోటలో తీగ దొరికింది కాబట్టి ఆవిడ పేరే పెట్టాడు. యూరప్‌కు వెళ్లిన ఈ తీగను అక్కడ మొదట నెత్తిన పెట్టుకున్నారు, తర్వాత దించేశారు. 1934 చివర్లో ఫ్రాన్సు చట్టం చేసి నిషేధించిన ఆరు సంకర రకాల్లో ఇజబెల్లా ఒకటి. ఆ వాసన వాళ్లకు మోటుగా తోచింది. బెంగళూరు బ్లూకు మాత్రం మన దేశం 2013లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఈ ద్రాక్ష పండే చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల పల్లెల్లో చాలా ఇళ్ల మాట తెలుగే. అంటే సికింద్రాబాద్ క్రిస్మస్ వైన్‌లో తీగ అమెరికాది, నేల కన్నడ దేశానిది, తోటమాలి తరచూ తెలుగువాడు.

జాడీలో మూడు వారాలు

ఇంటి వైన్‌కు ప్రతి ఇంట్లో ఒక లెక్క ఉంటుంది, ప్రతి ఇల్లూ తన లెక్కే సరైనదంటుంది. మొత్తం మీద పద్ధతి మాత్రం ఒక్కటే. ద్రాక్షను తొడిమలు తీసి, కడిగి, పాత చీర మీద పరిచి తడి లేకుండా ఆరబెడతారు. ఆవకాయ పెట్టే జాడీనే దీనికీ వాడతారు, కాకపోతే దానికి నూనె, కారం వాసన తగలకూడదు. అందుకే చాలా ఇళ్లలో వైన్ జాడీని వేరుగా అటక మీద ఉంచుతారు. ద్రాక్షను చేత్తో నలిపి జాడీలో వేసి, కిలోకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా చక్కెర, కాచి చల్లార్చిన నీళ్లు, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన ఈస్టు కలుపుతారు. దాల్చినచెక్క, లవంగం, గుప్పెడు గోధుమలు కూడా పడతాయి. గోధుమలతో వైన్‌కు బలం వస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. నాకు మాత్రం అది ఆచారంగానే తోస్తుంది.

మూత బిగించరు, గుడ్డ కడతారు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. వాయువుకు దారి లేకపోతే సీసా అయినా జాడీ అయినా పగులుతుంది. రెండో రోజుకల్లా తొక్కలన్నీ పైకి తేలి మందపాటి చాపలా కట్టుకుంటాయి. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా బుసబుసమని చప్పుడు. రోజుకోసారి చెక్క తెడ్డుతో ఆ చాపను లోపలికి తొక్కాలి. తొక్కకపోతే పైన బూజు పడుతుంది, రంగూ దిగదు. రంగంతా తొక్కలోనే ఉంది, గుజ్జు రసం దాదాపు తెల్లనే. ఇరవై ఒక్క రోజులకు గుడ్డలో వడకట్టి, మడ్డి అడుగున దిగేదాకా మరో మూడు వారాలు కదపకుండా ఉంచి, తేటను సీసాల్లోకి ఒంపుకుంటారు. కొందరు కాల్చిన చక్కెర కలిపి రంగు చిక్కబరుస్తారు.

చక్కెర అంత ఎందుకన్నదానికి జవాబు అంకెల్లో ఉంది. బెంగళూరు బ్లూ రసంలో తీపి 16 నుంచి 18 శాతం. తీపి శాతాన్ని దాదాపు సగం చేస్తే వైన్‌లో ఆల్కహాలు శాతం వస్తుంది, కాస్త ఎక్కువే అనుకోండి. ఆ లెక్కన ఈ ద్రాక్ష తనంతట తాను 9 లేదా 10 శాతం దాటదు. ఆ పలచటి వైన్ మన వేడికి త్వరగా సిర్కా అయిపోతుంది. చక్కెర పోస్తే ఆల్కహాలు పెరిగి నిలవ ఉంటుంది, మిగిలిన తీపి నాలుకకు పులుపును కప్పేస్తుంది. ఇది మన ఆంటీలు మాత్రమే కనిపెట్టిన ఉపాయం కాదు. ఇజబెల్లా, కటాబా, కాంకర్డ్ పండించిన అమెరికా తూర్పు రాష్ట్రాల వైన్‌కారులు కూడా 19వ శతాబ్దం నుంచి ఇదే చేశారు. తీపి తక్కువ, పులుపు ఎక్కువ అన్నది ఆ జాతి ద్రాక్షలన్నిటి గుణం.

ఒక చిన్న సంగతి. ఈ చక్కెర వైన్ కథోలిక పూజాపీఠం మీదికి వెళ్లదు. దివ్యబలిపూజలో వాడే ద్రాక్షారసం ద్రాక్ష నుంచే సహజంగా వచ్చినదై, చెడిపోనిదై ఉండాలని చర్చి చట్టం 924వ నియమం చెబుతుంది. కాబట్టి పండుగ వైన్ పండుగ భోజనానికే. ఇంకో సంగతి: లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమ్మితే మరీను. క్రిస్మస్ జాడీ జోలికి సాధారణంగా ఎవరూ రాకపోవచ్చు, అంతమాత్రాన చట్టం లేనట్టు కాదు.

పిట్స్‌బర్గ్ వెంకన్న దారిలో

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నల యాత్రలో రెండు మజిలీలు తప్పవు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి ఒకటి, నయాగరా జలపాతం ఇంకొకటి. ఆ రెంటి మధ్య కారులో వెళితే ఈరీ అనే ఊరి దగ్గర పెద్ద సరస్సు తగులుతుంది. అక్కడి నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోకి సరస్సు ఒడ్డునే సాగే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటలే. పెన్సిల్వేనియా, న్యూయార్క్ కలిపి సుమారు 30 వేల ఎకరాలు, అందులో అత్యధికం కాంకర్డ్ రకం. సెప్టెంబరు, అక్టోబరులో ఆ దారిన వెళుతూ కారు అద్దం దించితే మోండా మార్కెట్ వాసనే తగులుతుంది. మనవాళ్లు చాలామంది నయాగరా తొందరలో అద్దం దించరు, అంతే.

కాంకర్డ్‌ది కూడా ఇజబెల్లా జాతే. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో ఈఫ్రెయిమ్ బుల్ అనే ఆయన అడవి ద్రాక్ష గింజలతో వేల మొక్కలు పెంచి, వాటిలోంచి ఒక్క తీగను ఏరుకుని 1853లో ప్రదర్శనకు పెట్టాడు. దాన్నించి డబ్బు చేసుకున్నది మాత్రం ఆయన కాదు. న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. గట్టి మెథడిస్టు, మద్యం అంటే పడదు. ప్రభు బల్ల దగ్గర పులిసిన రసం ఇవ్వడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1869లో కాంకర్డ్ రసాన్ని సీసాల్లో పోసి వేడిచేసి పులియకుండా నిలవ ఉంచే మార్గం కనిపెట్టాడు. ఈరీ సరస్సు ఒడ్డున అన్ని వేల ఎకరాలు కాంకర్డ్‌కు దక్కాయంటే ఆ సీసా పుణ్యమే. వైన్‌ను వద్దన్న మనిషి దయవల్ల వైన్ ద్రాక్ష బతికిందన్నమాట.

ఆ ఒడ్డున చిన్న చిన్న వైనరీలు ఉంటాయి. కాలిఫోర్నియా నాపా లోయలో కనిపించే కోటల్లాంటి భవనాలు కావు. రైతు ఇల్లు, పక్కన షెడ్డు, లోపల స్టీలు తొట్లు, ముందు గదిలో చెక్క బల్ల. బల్ల మీద వరసగా కాంకర్డ్, నయాగరా, కటాబా, డెలవేర్ సీసాలు. నయాగరా కాంకర్డ్‌కు తెల్ల కూతురు, 1868లో జలపాతానికి దగ్గర్లోని లాక్‌పోర్ట్‌లో పుట్టింది. కటాబాది రాగి రంగు. ఇవన్నీ తీపి వైన్‌లు. ఫ్రెంచి రుచి మరిగినవాళ్లు వీటిని చూసి ముక్కు చిట్లిస్తారు. ఆ ఊరి రైతులు పట్టించుకోరు, వచ్చినవాళ్లకు రెండు గుక్కలు రుచి చూపిస్తారు, నచ్చితే సీసా అమ్ముతారు. ఇంకా పడమటికి, మిస్సోరీకి వెళితే నార్టన్ అనే మరో దేశవాళీ ద్రాక్ష ఉంది. దానికి ఈ బబుల్‌గమ్ వాసన ఉండదు, ముదురు రంగు, గట్టి వగరు. 2003లో మిస్సోరీ దాన్ని రాష్ట్ర ద్రాక్షగా ప్రకటించుకుంది.

ఈ చిన్న వైనరీలు ఎప్పటినుంచో ఉన్నవి కావు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం నడిచింది. హడ్సన్ లోయలోని బ్రదర్‌హుడ్ వైనరీ లాంటివి చర్చి వైన్ చేసుకుంటూ బతికి బయటపడ్డాయి, మిగతా చాలావాటికి తాళాలు పడ్డాయి. నిషేధం పోయాక కూడా లైసెన్సులు పెద్ద కంపెనీలకే అందుబాటులో ఉండేవి. రైతు పండించి కంపెనీకి తోలాలి, కంపెనీ చెప్పిన ధర తీసుకోవాలి. ఇది మార్చినవి రెండు చట్టాలు. 1968లో పెన్సిల్వేనియా పరిమిత వైనరీ చట్టం తెచ్చింది. 1976లో న్యూయార్క్ రైతు వైనరీ చట్టం తెచ్చింది. సొంత రాష్ట్రంలో పండిన ద్రాక్షతో రైతు కొద్ది మోతాదులో వైన్ చేసి తోట దగ్గరే అమ్ముకోవచ్చన్నది వాటి సారాంశం. న్యూయార్క్‌లో అప్పుడు పదుల్లో కూడా సరిగా లేని వైనరీలు ఇప్పుడు వందల్లో ఉన్నాయి.

పందిరి కింద అనబ్-ఎ-షాహి

ఇక మన వైపు చూద్దాం. ద్రాక్ష మనకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇక్కడ ద్రాక్షతీగలు పుష్కలంగా ఉన్నాయని, జనవరికే పండుతాయని, వాటితో తెల్ల వైన్ చేస్తారని రాసుకున్నాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే ఇబ్న్ బతూతా దౌలతాబాద్‌లో ద్రాక్ష ఏడాదికి రెండు కాపులు కాస్తుందని రాశాడు. ఇద్దరూ గమనించింది దక్కన్ గుట్టునే. చలి దేశాల్లో తీగ శీతకాలం నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది. మన దగ్గర దానికి నిద్రే లేదు. కాబట్టి రైతే కత్తెరతో నిద్రపుచ్చి, కత్తెరతో లేపాలి. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత.

హైదరాబాద్ ద్రాక్ష అంటే అనబ్-ఎ-షాహి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ తన తోటలో పెంచి నగరానికి పరిచయం చేశాడని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. కోలగా, లేత తేనె రంగులో, గింజతో ఉండే పెద్ద కాయ. ఒక్కో గుత్తి చేతికి బరువే. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో సికింద్రాబాద్ దాటగానే కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు రాతి కడీలు పాతి, తీగ అల్లి, ఎకరాలకు ఎకరాలు పందిళ్లు వేశారు. పందిరి కింద మధ్యాహ్నం కూడా పచ్చటి చీకటిగా ఉండేది, నెత్తికి గుత్తులు తగిలేవి. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి ఈ రకానిది. ఎకరాకు 14 టన్నులు. ద్రాక్ష పండించే ఏ దేశమైనా నోరు వెళ్లబెట్టే అంకె ఇది.

వైన్‌కు పనికిరాకుండా చేసింది కూడా ఈ అంకే. మేలైన వైన్ తోటల్లో ఎకరాకు నాలుగైదు టన్నులు దాటనివ్వరు. తీగ తక్కువ కాయలు కాస్తే ఒక్కో కాయలో తీపి, రంగు, వాసన చిక్కబడతాయి. కాయ చిన్నదైతే రసానికి తొక్క పాలు పెరుగుతుంది. అనబ్-ఎ-షాహి దీనికి పూర్తి తలకిందులు. పెద్ద కాయ, నిండా నీళ్లు, తీపి 14 నుంచి 16 శాతం. పులియబెడితే ఎనిమిది శాతం ఆల్కహాలు దగ్గర ఆగే నీళ్ల సారాయి వస్తుంది. తినడానికి అమృతం, తాగడానికి దండగ.

తర్వాత వచ్చిన థామ్సన్ సీడ్‌లెస్‌కు తీపి 20 శాతం పైమాటే. దాని పేరు కూడా అమెరికా పేరే. 1870ల్లో కాలిఫోర్నియాలో విలియం థామ్సన్ అనే రైతు పెంచి చూపిన పర్షియా వైపు కిష్‌మిష్ రకం అది. వాసన తక్కువ కావడంతో వైన్‌గా చప్పగా ఉంటుంది. ఎండబెడితే మాత్రం దానికి సాటి లేదు.

వేడి వల్లే మనకు వైన్ రాలేదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వింక్లర్, అమెరిన్ అనే శాస్త్రజ్ఞులు 1944లో ద్రాక్ష ప్రాంతాలను వేడిని బట్టి ఐదు తరగతులుగా విడగొట్టారు. మనది అయిదో తరగతిని కూడా దాటిపోతుంది, నిజమే. మరి నాసిక్ ఎలా చేసింది? అది ఇంచుమించు మన ఎత్తులోనే ఉంది, సముద్రమట్టానికి 600 మీటర్ల దరిదాపుల్లో. తేడా జనవరి రాత్రుల్లో ఉంది. అక్కడ పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది, మనకు పదిహేను. రాత్రి చల్లబడితే కాయలో పులుపు నిలుస్తుంది, పులుపు నిలిస్తే వైన్ నిలుస్తుంది. ఆ అయిదు డిగ్రీలు నాసిక్‌కు దేవుడిచ్చాడు. మిగతాది మనుషులు చేసుకున్నారు. కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలొచ్చిన రాజీవ్ సామంత్, సొనోమా వైన్‌కారుడు కెర్రీ డామ్‌స్కీ సాయంతో 1990ల చివర్లో సూలా వైనరీ మొదలుపెట్టాడు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ విధానం ప్రకటించింది. 2007లో కర్ణాటక కూడా ప్రకటించింది. నంది కొండల దగ్గర గ్రోవర్ తోటలు 1988 నుంచే ఉన్నాయి.

మనకు తియ్యటి పోర్టు తరహా గోల్కొండ రూబీ మిగిలింది. ఈ నగరపు కోట పేరు మీద సీసాకెక్కిన వైన్ అది. కాస్త వయసు మళ్లినవాళ్లకు ఆ లేబుల్ గుర్తుండే ఉంటుంది. తర్వాత 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఈ రెండేళ్లలోనూ, ఆ తర్వాతా ప్రభుత్వాలకు మద్యం అంటే ఖజానా లెక్కో, ఎన్నికల హామీయో తప్ప, పంటగా ఎప్పుడూ కనపడలేదు. గల్లీకో వైన్స్ ఉన్న ఊళ్లో అసలు వైన్ సీసా దుమ్ము పట్టి వెనక అరలో పడి ఉంటుంది.

తోటలు ఏమయ్యాయో మేడ్చల్ రోడ్డున వెళ్లేవాళ్లకు వేరే చెప్పాలా? బోర్లు ఎండాయి, కూలీలు దొరకలేదు, అకాల వానకు బూజు తెగులు, పక్షికన్ను తెగులు. నాసిక్, సోలాపూర్ సీడ్‌లెస్ వచ్చి ధర కొట్టేసింది. వీటన్నిటికీ తట్టుకున్న రైతు చదరపు గజం ధర దగ్గర ఓడిపోయాడు. కొంపల్లిలో పందిళ్లు పోయి ఫంక్షన్ హాళ్లు, విల్లాలు వచ్చాయి. మిగిలిన కొద్ది తోటలు శామీర్‌పేట, కీసర వైపు ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో కుటుంబాలను లోపలికి రానిచ్చి, కత్తెర చేతికిచ్చి, కోసుకున్నంత తూచి అమ్ముతున్నాయి. మార్కెట్ యార్డుకు తోలే బాధ తప్పింది, ధర రైతు చేతిలో ఉంది. వైన్ లేదన్న మాటే గానీ, ఈరీ సరస్సు రైతు చేసేది కూడా ఇదే.

వేరు టెక్సాస్, కొమ్మ మనది

అమెరికా మనకు ఇచ్చింది ఇజబెల్లా ఒక్కటే కాదు. మహారాష్ట్రలోనూ మన దగ్గరా ఉప్పునేలల్లో, నీటి ఎద్దడిలో ద్రాక్ష వేసే రైతు ఇప్పుడు నేరుగా కొమ్మ నాటడు. డాగ్‌రిడ్జ్ అనే వేరుమూలం నాటి, దాని మీద తనకు కావలసిన రకం అంటుకడతాడు. డాగ్‌రిడ్జ్ టెక్సాస్ అడవి ద్రాక్ష. దాన్ని గుర్తించి పేరు పెట్టిన మనిషి టి.వి. మన్సన్. డాలస్‌కు ఉత్తరాన డెనిసన్ ఊళ్లో ఉండేవాడు. గుర్రబ్బండి మీదా రైళ్ల మీదా తిరిగి అడవి తీగలు పోగుచేసేవాడు. అమెరికా నుంచి పాకిన ఫైలోక్సెరా అనే వేరు పేను 1860ల నుంచి ఫ్రాన్సు తోటలను తినేస్తుంటే, పేనును తట్టుకునే టెక్సాస్ వేళ్లను సూచించి పంపింది ఈయనే. 1888లో ఫ్రెంచి ప్రభుత్వం బిరుదిచ్చి గౌరవించింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉన్నంతమంది తెలుగువాళ్లు అమెరికాలో చాలా తక్కువ చోట్ల ఉంటారు. గంటన్నర కారు నడిపితే డెనిసన్. మన ద్రాక్ష వేళ్ల పుట్టిల్లు చూసిరావడానికి ఒక ఆదివారం సరిపోతుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది మరొకటి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ బెంగళూరు బ్లూకు మన అనబ్-ఎ-షాహితో సంకరం చేసింది. పుట్టిన రకం పేరు అర్క హంస. లేత పసుపుపచ్చ కాయ, తీపి 21 శాతం దగ్గర, వైన్‌కు పనికొస్తుందని సంస్థే సిఫార్సు చేసింది. తల్లికీ తండ్రికీ లేని తీపి బిడ్డకు వచ్చింది. అమెరికా ఇజబెల్లాకూ, హైదరాబాద్ నవాబుల తోట ద్రాక్షకూ పుట్టిన వైన్ ద్రాక్ష ఒకటి ఉందని ఈ నగరంలో ఎంతమందికి తెలుసు? పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం విడుదల చేసిన మెడికా అనే జ్యూస్ రకం కూడా ఉంది. దాని గుజ్జు కూడా ఎరుపే. దాని వంశవృక్షంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఓల్మో అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన రూబీరెడ్ ఉంది. రాజేంద్రనగర్‌లో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ద్రాక్ష పరిశోధన కేంద్రం తినే రకాలతో పాటు ఇలాంటి జ్యూస్, వైన్ రకాలను కూడా పెంచి చూస్తోంది. తీగలు ఉన్నాయి, వేళ్లు ఉన్నాయి, తెలిసిన శాస్త్రజ్ఞులు ఉన్నారు.

లేనిది చిన్న రైతుకు అనుమతి. ఇందులో కొత్త విడ్డూరమేమీ లేదు. తెలంగాణలో తాటి, ఈత చెట్ల కల్లును గీత కార్మికుల సహకార సంఘాలు తీసి అమ్ముకునే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. నగరంలో మూతపడ్డ కల్లు దుకాణాలను 2014లో ప్రభుత్వమే తిరిగి తెరిపించింది. చెట్టెక్కే మనిషికి తన గీత అమ్ముకునే హక్కు ఉన్నప్పుడు, పందిరి వేసే మనిషికి ఎందుకుండకూడదు? మద్యం కుటుంబాలను ఏం చేస్తుందో సారాకు ఎదురుతిరిగిన దూబగుంట ఆడవాళ్లు 1992లోనే మనకు చెప్పారు. ఆ మాట మరిచిపోమని నేననను. కానీ సారా సీసాలకూ, ఏడాదికి ఒక కోత మీద బతికే తోట వైన్‌కూ ఒకే తూకం వేయడం న్యాయం కాదు.

ఎక్సైజ్, ఉద్యాన శాఖలను అడిగేది ఇంతే. రాష్ట్రంలో పండిన ద్రాక్షతోనే, ఏడాదికి ఇన్ని లీటర్లే అని కట్టడి పెట్టి, తోట గేటు దగ్గర మాత్రమే అమ్మేలా రైతు వైనరీకి ఒక చిన్న లైసెన్సు ఇవ్వండి. ఫీజు కంపెనీల లెక్కన కాకుండా రైతు లెక్కన ఉండాలి. పెన్సిల్వేనియా 1968లో ఇచ్చింది, న్యూయార్క్ 1976లో ఇచ్చింది. శామీర్‌పేట, కీసరలో మిగిలిన తోటలు ప్లాట్లు కాకముందే ఇస్తే మేలు.

పాఠకులకు ఒక మాట. లైసెన్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో ఆ తోటలకు వెళ్లండి. సీడ్‌లెస్ ఒక్కటే కాదు, గింజ ఉన్న అనబ్-ఎ-షాహి కూడా ఉందా అని అడగండి. అడిగేవాళ్లుంటేనే రైతు ఆ తీగను ఉంచుతాడు.